దవాఖానతో మన తరఫున బేరమాడేది ఎవరు?

(ఆరోగ్య బీమాపై మహబూబ్‌నగర్‌లో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ మెడికల్ కాలేజీ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాది నల్లగొండ. ప్రభుత్వ రంగ జనరల్ బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం క్లెయిమ్‌ల సెక్షన్‌లోనే గడిచింది. ఇప్పటికీ తెలిసినవాళ్లు పాలసీ కాగితాలు పట్టుకొని ఇంటికి వస్తుంటారు, చూసి పెడుతుంటాను. నా మాటల మీద ఆ ఉద్యోగం నీడ ఉంటుంది. అది మనసులో పెట్టుకొని వినండి.

ప్రైవేటు బీమా మేలా, సర్కారు బీమా మేలా అన్నది నాకిచ్చిన అంశం. ఈ చర్చ పెట్టడానికి పాలమూరు కంటే తగిన చోటు లేదు. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది మూడు జిల్లాల్లో. శ్రీకాకుళం, అనంతపురం, మూడోది మహబూబ్‌నగర్. అంటే ఇప్పటి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటలతో కలిసి ఉన్న పాత జిల్లా. మొదటి ప్రయోగానికి ఈ మూడింటినే ఎందుకు పట్టుకున్నారో విడమరిచి చెప్పక్కర్లేదు. కరువు, వలస, అప్పు ఎక్కడ ఎక్కువో అక్కడే మొదలుపెట్టారు.

అంతకుముందు ఎట్లుండేదో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. ఇంట్లో ఒకరికి గుండె ఆపరేషన్ అన్నారంటే మొదట బంగారం పోయేది, ఆ తర్వాత మూడు రూపాయల మిత్తికి అప్పు, అదీ చాలకపోతే చెలక. ఏ దిక్కూ లేనివాళ్లు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పట్టుకొని ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడేవాళ్లు. అట్లా వచ్చిన దరఖాస్తుల కుప్పలోంచే ఆరోగ్యశ్రీ ఆలోచన పుట్టింది. పథకం వచ్చి ఇన్నేళ్లయినా నిమ్స్‌లో ఆపరేషన్ కోసం ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామని సర్కారు ఇచ్చే హామీ పత్రం, కావాలని తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారంటే ఆ పని పూర్తి కాలేదన్నట్టే.

ఆరోగ్యశ్రీ చరిత్రలో చాలామంది మరిచిపోయిన ముక్క ఒకటుంది. మొదట అది సర్కారు కట్టిన ప్రీమియంతో నడిచిన ప్రైవేటు బీమా. ప్రభుత్వం టెండరు పిలిచి, ఒక ప్రైవేటు కంపెనీకి కుటుంబానికి ఇంత అని ప్రీమియం కట్టింది. క్లెయిమ్‌లు ఆ కంపెనీ చెల్లించేది, పైన ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ ట్రస్టు పర్యవేక్షించేది. 2008 జులైలో ఆరోగ్యశ్రీ-2 వచ్చింది. అందులో చేర్చిన చికిత్సలకు మధ్యలో కంపెనీ లేదు, ట్రస్టే నేరుగా దవాఖానలకు డబ్బు కట్టింది. తర్వాత్తర్వాత మొత్తం పథకమే ట్రస్టు చేతికి వచ్చింది. ప్రైవేటా, సర్కారా అని ఇప్పుడు టీవీల్లో వాదించుకుంటున్నారు కదా, ఆ రెండు పద్ధతులనూ మన జిల్లా అప్పుడే చూసింది.

బీమా అనేది చేసే పనులు మూడు. మొదటిది, పదిమంది దగ్గర కొంచెం కొంచెం డబ్బు పోగు చేయడం. ఇది అందరికీ అర్థమయ్యేదే. మూడోది, జబ్బు వచ్చిన రోజు మాట తప్పకుండా ఆ డబ్బు ఇవ్వడం. రెండోదాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. అది దవాఖానతో ధర బేరమాడడం. నా ఉద్యోగంలో నాకు అర్థమైనదేమిటంటే అసలు కీలకం అక్కడే ఉంది.

బాదేపల్లి మార్కెట్ యార్డుకు పల్లికాయ తీసుకుపోయిన రైతు సంగతి మీకు తెలుసు. నాలుగు బస్తాలతో ఒక్కడు పోతే ఖరీదుదారు చెప్పిందే ధర. అయినా ఆ రైతుకు నచ్చకపోతే బస్తాలు తిరిగి ఇంటికి తెచ్చుకునే వీలన్నా ఉంటుంది. ఛాతీలో నొప్పితో స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి అదీ లేదు. భార్య చేతిలో ఎస్టిమేషన్ కాగితం పెట్టి ‘అడ్వాన్స్ కట్టండమ్మా’ అంటే ఆమె ఏం బేరం చేస్తుంది? అందుకే ఆమె తరఫున ముందే, చల్లగా కూర్చొని, వేల మందిని వెనకేసుకొని బేరం చేసి పెట్టినవాళ్లు ఒకరుండాలి.

ఆ బేరం గట్టిగా చేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ. గుండె రక్తనాళంలో వేసే స్టెంటు. మందు పూత ఉన్న స్టెంటుకు రోగి సగటున లక్షా 20 వేలకు పైగా కట్టేవాడు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ దాని గరిష్ఠ ధర 29,600 రూపాయలని ఉత్తర్వు ఇచ్చింది. మందు పూత లేనిదైతే 7,260. అంతకుముందు రోజు లక్ష దాటిన వస్తువు తెల్లారేసరికి 30 వేల లోపుకు వచ్చింది. దుకాణాలు మూతపడలేదు, దేశంలో గుండె చికిత్సలు ఆగలేదు. ఇన్నేళ్లూ ప్రీమియం తీసుకుంటున్న ఏ బీమా కంపెనీ కూడా ఆ ధరను అంతగా దించలేకపోయింది. అందులో నేను పనిచేసిన ప్రభుత్వ కంపెనీలూ ఉన్నాయి. ఒక్క సర్కారు ఉత్తర్వు చేసింది.

ఇక ప్రైవేటు బీమా ఎవరితో బేరమాడుతుందో చూద్దాం. దవాఖానతో కొంత ఆడుతుంది, కాదనను. కానీ ఎక్కువగా మనతోనే ఆడుతుంది. దేవరకొండ వైపు నుంచి ఒక టీచరమ్మ నా దగ్గరికి డిశ్చార్జి బిల్లు తెచ్చింది. 5 లక్షల పాలసీ, ఆరు రోజులు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఉంది, బిల్లు 2 లక్షల 40 వేలు. పాలసీ 5 లక్షలది కాబట్టి పైసా కట్టే పని ఉండదనుకుంది. తీరా చేతి నుంచి 63 వేలు కట్టించుకున్నారు. ‘సార్, నేను రూము కొంచెం పెద్దది తీసుకున్న మాట నిజమే, కానీ అంత తేడానా?’ అని అడిగింది.

ఆ లెక్క బోర్డు మీద రాస్తాను, చూడండి. ఆమె పాలసీలో రూము అద్దె పాలసీ మొత్తంలో రోజుకు ఒక శాతం, అంటే 5 వేలు. ఆమె ఉన్న రూము 8 వేలది. ఆరు రోజులకు 48 వేలు, కంపెనీ ఇచ్చేది 30 వేలు. తేడా 18 వేలు. ఇంతవరకు న్యాయమే. కానీ పాలసీలో ఇంకో క్లాజు ఉంది. పరిమితి దాటిన రూములో ఉంటే డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగ్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. అవి లక్షా 20 వేలు. ఎనిమిదింట ఐదు వంతులు, అంటే 75 వేలే ఇచ్చారు. అక్కడ 45 వేలు పోయింది. మందులు, పరీక్షలు 72 వేలు, వాటికి ఈ కోత ఉండదు కాబట్టి పూర్తిగా ఇచ్చారు. 18 వేలు, 45 వేలు కలిపితే 63 వేలు.

రూములో మంచం పెద్దదైనందుకు సర్జన్ ఫీజు కోయడం ఏమిటని మీరు అడగొచ్చు. కంపెనీ చెప్పే కారణం, దవాఖానలు రూమును బట్టి అన్ని రేట్లూ పెంచుతాయని. అది నిజం. పెద్ద రూములో ఉన్న రోగికి అదే ఆపరేషన్, అదే సర్జన్, అదే థియేటరు, కానీ రేటు వేరు. అలాంటప్పుడు కంపెనీ గొడవ పడాల్సింది ఆ రేట్లు పెట్టిన దవాఖానతో. ఆ కోత తెచ్చి టీచరమ్మ నెత్తిన పెట్టింది. ఆమెకు ఈ క్లాజు ఉందని పాలసీ అమ్మినవాళ్లు చెప్పలేదు. అడ్మిషన్ రోజు ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చున్న అబ్బాయీ చెప్పలేదు. ఈ సభ నుంచి ఒక్క పని చేద్దామనుకుంటే ఇంటికి పోయి మీ పాలసీలో రూము అద్దె పరిమితి ఉందో లేదో చూడండి.

డబ్బు ఎటు పోతుందో కూడా తెలుసుకోవాలి. మన దేశంలో ఆరోగ్య బీమా ఒక్కటే చేసే కంపెనీలు ప్రీమియంలో 35 శాతం దాకా కమీషన్లకు, నిర్వహణ ఖర్చులకు వాడుకోవచ్చని నియమం. మిగతా జనరల్ బీమా కంపెనీలకు 30 శాతం. 2023-24లో 100 రూపాయల ప్రీమియానికి ఆరోగ్య బీమా మాత్రమే చేసే ప్రైవేటు కంపెనీల క్లెయిమ్‌ల ఖర్చు సుమారు 65 రూపాయలు. ప్రభుత్వ కంపెనీలది 100 దాటింది. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి ప్రైవేటు దోపిడీ అనేయడం సులువు. నేను అట్లా అనను. ప్రభుత్వ కంపెనీల వ్యాపారంలో గ్రూపు పాలసీలు, అంటే ఒక సంస్థలోని వాళ్లందరికీ కలిపి తీసుకునేవి, ఎక్కువ, వాటిలో ప్రీమియం తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ నిష్పత్తి పెరుగుతుంది. వందకు వంద మించి చెల్లించే కంపెనీ ఎక్కువ కాలం నిలబడదు కూడా. ఆ నష్టం పూడ్చడానికి ప్రభుత్వం పన్నుల డబ్బు పోయాల్సి వచ్చింది. కానీ 100లో 65 మాత్రమే జబ్బు మీద పెట్టడం న్యాయం కాదని మాత్రం గట్టిగా అంటాను.

అమెరికా సంగతి ఎత్తకుండా ఈ మాట ముగియదు. ఈ హాల్లో సగం ఇళ్లలో ఎవరో ఒకరి పిల్లలు అక్కడున్నారు. అక్కడి బీమా మీద వాళ్లు ఎంత ఏడుస్తారో మీరు ఫోన్లో వినే ఉంటారు. 1965లో 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్ అనే సర్కారు బీమా, పేదల్లో కొందరికి మెడికెయిడ్ పెట్టారు, మిగతావాళ్లను దాదాపుగా ప్రైవేటు కంపెనీలకు, వాళ్ల యజమానులకు వదిలేశారు. 2010లో ఒబామా చట్టం వచ్చింది. అందులో ఒక మంచి నియమం ఉంది. విడి పాలసీలు, చిన్న సంస్థల పాలసీల మీద వచ్చిన ప్రీమియంలో 80 శాతం, పెద్ద సంస్థల పాలసీలైతే 85 శాతం వైద్యం మీద ఖర్చు పెట్టాలి, తగ్గితే ఆ తేడా జనానికి తిరిగి ఇవ్వాలి. ప్రైవేటుకు అంత మొగ్గు చూపే దేశమే ఆ గీత గీసింది. మనం ఎందుకు గీయకూడదు?

అక్కడ జరిగిన రెండు సంగతులు మనకు ఇంకా ముఖ్యం. ఒకటి, మెడికేర్ అంత పెద్దదైనా మందుల కంపెనీలతో ధర బేరమాడకూడదని 2003 చట్టంలోనే రాసిపెట్టారు. బేరమాడే బలం ఉండీ చేతులు కట్టేశారన్నమాట. 2022లో గానీ ఆ కట్టు కొంత విప్పలేదు. మొదటి పది మందులకు బేరం చేసిన ధరలు 2026 జనవరిలో అమల్లోకి వచ్చాయి. రెండోది, 2009లో ఆ ఒబామా చట్టం మీద చర్చ జరిగేటప్పుడు ప్రైవేటు కంపెనీలతో పాటు ప్రభుత్వం కూడా ఒక బీమా పెట్టాలి, ఇష్టమున్నవాళ్లు ప్రీమియం కట్టి అందులో చేరొచ్చు అన్న ప్రతిపాదన వచ్చింది. దాన్ని చట్టంలోంచి తీసేశారు. ఆ ప్రతిపాదన దగ్గరికి మళ్లీ వస్తాను.

మన దగ్గర బీమా సంస్కరణలు జరగలేదా అంటే జరిగాయి. బీమా నియంత్రణ సంస్థ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఆ సంస్థ 2024లో మంచి నియమాలు తెచ్చింది. క్యాష్‌లెస్ అనుమతి, అంటే బిల్లు నేరుగా కంపెనీయే కడుతుందన్న ఒప్పుకోలు, గంటలో ఇవ్వాలి. డిశ్చార్జి రోజు ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి, ఆలస్యమైనందుకు దవాఖాన అదనంగా వేసే ఛార్జీలు కంపెనీయే భరించాలి. ముందే ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. ఐదేళ్లు ప్రీమియం కట్టాక, మోసం నిరూపిస్తే తప్ప, జబ్బు దాచారన్న పేరుతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వం అనడానికి లేదు. 2025 జనవరిలో సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదికి పది శాతం మించి పెంచాలంటే ముందు తమతో చర్చించాలన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి విడి పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. డిసెంబరులో బీమా కంపెనీల్లో 100 శాతం విదేశీ పెట్టుబడికి పార్లమెంటు దారి తెరిచింది.

వీటిలో చివరిది తప్ప మిగతావన్నీ నేను స్వాగతిస్తాను. కానీ గమనించండి, ఇవన్నీ మీకూ కంపెనీకీ మధ్య నియమాలు. దవాఖాన వేసే రేటును ఒక్కటీ ముట్టుకోలేదు. ఆ రేటు ప్రతి ఏడూ పెరిగితే ప్రీమియమూ పెరుగుతుంది, జీఎస్టీ తీసేసిన లాభం కొన్నేళ్లలో కరిగిపోతుంది. దవాఖానల రేట్లకు ప్రమాణం ఉండాలని 2012 కేంద్ర నిబంధనల్లోనే ఉంది. అది అమలు కాలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగా అడిగింది. అంతవరకు పోయింది వ్యవహారం.

సరే, ఇంతసేపూ ప్రైవేటును అన్నాను. ఇప్పుడు సర్కారు వైపు. ఇక్కడ నా కోపం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇది మనది.

బేరమాడే బలం ఆరోగ్యశ్రీకి ఉంది. ప్రతి ఆపరేషన్‌కు ప్యాకేజీ రేటు ముందే రాసి ఉంటుంది, రూమును బట్టి మారదు. ప్రతి నెట్‌వర్క్ దవాఖానలో, అంటే పథకంలో చేరిన దవాఖానలో, రోగి తరఫున ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. మొదట్లో 2 లక్షలున్న పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షలు చేశారు. 2024లో మరో 163 చికిత్సలు చేర్చి మొత్తం 1,835 చేశారు, చాలావాటికి రేట్లు కూడా పెంచారు. కాగితం మీద ఇంత గొప్ప పాలసీ ఏ ప్రైవేటు కంపెనీ దగ్గరా ఫ్రీగా దొరకదు. కానీ బిల్లులు టైముకు కట్టరు. 2025 సెప్టెంబరులో ప్రైవేటు నెట్‌వర్క్ దవాఖానలు వెయ్యి కోట్లకు పైగా బకాయిలున్నాయని చెప్పి ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. చర్చలయ్యాక మళ్లీ మొదలుపెట్టాయి. అది మొదటిసారి కాదు.

బకాయి పడ్డవాడు బేరం ఎట్లా ఆడతాడు? ధర తగ్గించమని అడిగే హక్కు రొక్కం కట్టేవాడిది. బకాయి పేరు చెప్పి దవాఖాన ఏం చేస్తుందో మీకు తెలుసు. ‘ఆరోగ్యశ్రీ బెడ్లు నిండిపోయినయి’ అంటుంది. ‘అప్రూవల్ రావాలంటే ముందు పరీక్షలకు కట్టండి’ అంటుంది. అచ్చంపేట నుంచి వచ్చిన కుటుంబం అప్పటికే అంబులెన్సుకు కట్టి వచ్చి ఉంటుంది, మళ్లీ ఇంకో దవాఖానకు పోలేదు, అడిగింది కడుతుంది. అందుకే పరిమితి 10 లక్షలు చేశామన్న ప్రకటన కంటే బిల్లు 30 రోజుల్లో కట్టాం అన్న ఒక్క ప్రకటన వస్తే నేను ఎక్కువ సంతోషిస్తాను. రైతు అప్పు ఆలస్యమైతే మిత్తి వేస్తారు కదా, ట్రస్టు ఆలస్యం చేస్తే దవాఖానకు మిత్తి కట్టాలన్న నియమం పెట్టండి. అప్పుడు ఆర్థిక శాఖ ఫైలు కదులుతుంది.

రెండో లోపం, ఈ పథకమంతా మంచం మీద పడ్డాకే గుర్తుకొస్తుంది. షుగర్ గోళీలు, బీపీ గోళీలు, నెల నెలా పరీక్షలు, ఇవే ఇంటి బడ్జెట్‌ను నెమ్మదిగా తినేస్తాయి. దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కు 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. కానీ ఇంకా 100లో 39 రూపాయలు జేబులోంచే పోతున్నాయి. షుగర్ గోళీలు పీహెచ్‌సీలో ప్రతి నెలా ఖాళీ లేకుండా ఉంటే ఐదేళ్ల తర్వాత డయాలసిస్ ప్యాకేజీ కట్టే పని తప్పుతుంది. ప్రైవేటు కంపెనీకి ఆ లెక్క పట్టదు, ఐదేళ్ల తర్వాత మీరు ఆ కంపెనీలోనే ఉంటారన్న నమ్మకం లేదు కాబట్టి. సర్కారుకు మాత్రం మీరు పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా పౌరులే.

మా నల్లగొండ దీనికి పెద్ద సాక్ష్యం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను నేను చిన్నప్పటి నుంచి చూశాను. పదేళ్ల పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, ముప్ఫై ఏళ్లకే కర్ర పట్టుకొని నడిచే మొగవాళ్లు. ఆ వంగిన ఎముకను నిలబెట్టే ఆపరేషన్ ఏ ప్యాకేజీలోనూ లేదు, 10 లక్షలు కాదు కోటి ఇచ్చినా లేదు. ఆ జబ్బుకు ఉన్న ఒకే మందు కృష్ణా నీళ్లు. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత పైపులో నీళ్లు వచ్చాయి. బీమా గురించి ఎంత మాట్లాడుకున్నా ఈ సంగతి పక్కన పెట్టొద్దు.

బీమా పైసలు చెడు కూడా చేయగలవు. ఆరోగ్యశ్రీ మొదలైన కొత్తలో ప్రైవేటు దవాఖానల్లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఎంత పెరిగాయో ఇక్కడున్న అక్కలకు బాగా తెలుసు. 30 ఏళ్లు నిండని ఆడపిల్లలకు తీసేశారు. ఆ తర్వాత అట్లాంటి 133 చికిత్సలను సర్కారు దవాఖానలకే పరిమితం చేశారు. తీసేయడం వల్ల లాభం వచ్చేవాడికి ఆ నిర్ణయం ఇవ్వకూడదని అప్పుడు ప్రభుత్వానికి అర్థమైంది, ఆలస్యంగానైనా.

బేరంలో ఇంకో బలం, మన సొంత దవాఖాన. ‘నువ్వు చేయకపోతే నేనే చేసుకుంటా’ అనగలగాలి. ఆ మాట పదిహేనేళ్ల కింద పాలమూరు అనలేకపోయేది. 2016లో మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట. మా వైపు నల్లగొండ, సూర్యాపేట 2019లో, బీబీనగర్‌లో ఎయిమ్స్. కట్టడాలు వచ్చాయి, పేర్లు వచ్చాయి. కార్డియాలజిస్టు రాత్రి కూడా ఉన్నప్పుడే ఆ మాటకు విలువ. సర్కారు దవాఖాన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ చేస్తే ఆ డబ్బు దానికే వస్తుంది, కొంత వాటా డాక్టర్లకు, సిబ్బందికి ప్రోత్సాహకంగా పోతుంది. ఇదీ టైముకు ఇస్తే పట్నం పోయే అంబులెన్సులు తగ్గుతాయి.

ఇప్పుడు నేను అసలు అడగదలచుకున్నది. మన సమాజంలో ఇటు ఆరోగ్యశ్రీ అందక, అటు ప్రైవేటు పాలసీ కొనలేక మధ్యలో చిక్కుకున్న ఒక పెద్ద వర్గం ఉంది. ప్రైవేటు స్కూలు టీచరు, క్లాక్ టవర్ దగ్గర బట్టల దుకాణంలో గుమాస్తా, సొంత ఆటో ఉన్నందుకు రేషన్ కార్డు పోయిందనుకునే డ్రైవరు, కొత్తగా వేరు కాపురం పెట్టి రేషన్ కార్డు రాని జంట. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట 21 వేల లోపు జీతమైతే ఈఎస్‌ఐ ఉండాలి, కానీ యజమాని కట్టడు. ప్రైవేటు పాలసీ కొందామంటే నలుగురి కుటుంబానికి ప్రీమియం చూసి వెనక్కి వస్తారు. 2021లో నీతి ఆయోగ్ నివేదిక ఇట్లా ఏ బీమా లేనివాళ్లు దేశంలో 40 కోట్ల మంది, జనాభాలో 30 శాతం అని లెక్క చెప్పింది.

వీళ్లకు ఆరోగ్యశ్రీ ట్రస్టు తలుపు తెరవండి. ఫ్రీగా వద్దు, ప్రీమియం కట్టించుకోండి. అదే కార్డు, అదే ప్యాకేజీ రేట్లు, అదే ఆరోగ్యమిత్ర. అమెరికాలో 2009లో తీసేసిన ఆ ప్రతిపాదనకు కావలసిన యంత్రాంగం మన దగ్గర 2007 నుంచే ఉంది. ట్రస్టు ఉంది, నెట్‌వర్క్ ఉంది, రేట్ల పట్టిక ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది. 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల కవర్ ఇవ్వాలని కేంద్రమే 2024లో నిర్ణయించింది కదా. వయసుకు ఆ తలుపు తీసినప్పుడు మిగతావాళ్లకు ఎందుకు మూయాలి?

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, నేనే ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్నోసార్లు అన్నాను. జబ్బున్నవాళ్లే వచ్చి చేరతారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రారు, నిధి మునుగుతుంది. నిజమే. అందుకే ఒక్కొక్కరిని కాకుండా కుటుంబం మొత్తాన్ని చేర్చుకోవాలి. స్కూలు సిబ్బంది అంతా ఒకేసారి, మార్కెట్ యార్డు హమాలీలు అంతా ఒకేసారి, ఆటో యూనియన్ అంతా ఒకేసారి. మొదటి కొన్నేళ్లు ప్రభుత్వం కొంత వాటా వేయాలి. ఎంతమంది చేరితే రేపు దవాఖానతో కూర్చున్నప్పుడు అంత బలం. తహసీల్దారు నుంచి గుమాస్తా దాకా అదే కార్డు పట్టుకుంటే బకాయి కూడా పేరుకోదు, ఎందుకంటే అప్పుడు అడిగేవాళ్ల గొంతు పెద్దదవుతుంది. పేదలకు మాత్రమే ఉన్న పథకానికి బిల్లు ఆపినంత తేలిగ్గా అందరికీ ఉన్న పథకానికి ఆపలేరు. ప్రైవేటు కంపెనీలను మూసేయమని నేను అనడం లేదు. ప్రత్యేక రూము, కార్పొరేట్ దవాఖాన, ట్రస్టు ఇవ్వని పైభాగం కావాలనుకునేవాళ్లకు వాళ్లు అమ్ముకోవచ్చు. మెరుగైన సరుకు ఇస్తే జనం కొంటారు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక మెడికల్ విద్యార్థి): సార్, ప్యాకేజీ రేట్లు మరీ తక్కువని, నాణ్యత దెబ్బతింటుందని మా సీనియర్లు అంటున్నారు.

కొన్నిటికి తక్కువే బాబూ. గట్టి బేరమంటే తక్కువ ధర ఒక్కటే కాదు, నడిచే ధర కూడా. రేటును ఏళ్ల తరబడి ముట్టుకోకుండా వదిలేసి, 2024లో ఒక్కసారిగా పెంచారు. ఏటా పెరిగే ఖర్చును బట్టి సవరించే పద్ధతి ఉండాలి, అందులో మీ డాక్టర్లు కూర్చోవాలి. కానీ ఒక మాట అడుగుతాను. మీ సీనియర్లు తక్కువ అంటున్న రేటుకు నష్టమెంతో దవాఖాన పుస్తకాలు తెరిచి చూపిస్తుందా? చూపిస్తే నేనే పెంచమని రాస్తాను.

ప్రశ్న (ఒక పెద్దాయన, కోయిల్‌కొండ వైపు నుంచి): మా పిల్లలు పుణెలో మేస్త్రీ పనికి పోయిన్రు. అక్కడ ఏమన్నయితే ఈ కార్డు పనిచేస్తదా?

రాష్ట్ర పథకం మన రాష్ట్రంలోని దవాఖానల కోసం అన్నా. కేంద్రం పథకం ఆయుష్మాన్ భారత్ జాబితాలో మీ కుటుంబం పేరుంటే ఇతర రాష్ట్రంలోనూ ఆ పథకంలో ఉన్న దవాఖానలో చూపించుకోవచ్చు. పేరుందో లేదో ఇక్కడే చూపించుకొని, ఉంటే కార్డు తీయించి పిల్లల ఫోన్లో ఫోటో పెట్టి పంపండి. పాలమూరు నుంచి ఇంతమంది వలస పోతున్నప్పుడు రెండు పథకాల మధ్య ఈ గండి ఉండడం పెద్ద అన్యాయం. వలస కూలీల సంఘాలు దీన్ని ఎత్తుకోవాలి.

ప్రశ్న (ఒక మహిళా సంఘం సభ్యురాలు): అన్నా, మా ఆయనకు ప్రైవేటు పాలసీ ఉన్నది. మూడేళ్లు కట్టినం. ఆపరేషన్ అయినంక షుగర్ దాచిన్రని క్లెయిమ్ కొట్టేసిన్రు. ఫారం నింపింది ఏజెంటు. ఇప్పుడేం చేయాలె?

అమ్మా, ముందు క్లెయిమ్ కొట్టేసిన ఉత్తరం కాగితం మీద తీసుకో, ఫోన్లో చెప్తే చాలదు. ఏ క్లాజు కింద కొట్టేశారో అందులో రాసి ఉండాలి. పాలసీ తీసుకునేటప్పుడు సంతకం పెట్టిన ప్రపోజల్ ఫారం కాపీ కూడా అడుగు, ఇవ్వాల్సిందే. ఆ ఫారంలో షుగర్ దగ్గర ఏం టిక్ పెట్టి ఉందో చూడు. మీ ఆయనకు షుగర్ ఎప్పటి నుంచి ఉందో పాత చీటీలు వెతుకు. పాలసీ తీసుకున్నాక బయటపడి ఉంటే దాచిన మాటే లేదు. ముందే ఉండి ఉంటే, ఆపరేషన్‌కు షుగర్‌తో సంబంధం ఉందా లేదా అని డాక్టరు దగ్గర రాయించుకో.

ఆ కాగితాలతో కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసుకు రాయి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. ఆఫీసు హైదరాబాద్‌లోనే, తెలంగాణ కేసులు అక్కడే చూస్తారు. ఫీజు లేదు, వకీలు పని లేదు, 50 లక్షల దాకా క్లెయిములు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు పోవాలి, అది మాత్రం గుర్తుపెట్టుకో. నీ దగ్గర ఇప్పుడు ఉత్తరం ఉందా? ఉంటే సభ అయ్యాక ఇక్కడే కూర్చొని చూద్దాం.